చెరువులో వదిలిన చేప ఎక్కడిదాకా పోతుంది? ఉప్పల్, నాచారం చెరువుల మీద ఒక మాట

 

ఈరోజు మనం చేపల గురించి మాట్లాడుకుందాం. కూర గురించి కాదులెండి. మన ఇంటి పక్కన ఉన్న చెరువుల్లో ఇప్పుడు ఏ చేపలు బతుకుతున్నాయి, అవి ఎక్కడి నుంచి వచ్చాయి, వాటి వల్ల మన చేపలకు, మన జాలర్లకు, చివరికి మన చెరువు కట్టకి ఏమవుతోంది అన్నది విషయం. ముఖ్యంగా ఉప్పల్, నాచారం, హబ్సిగూడ, రామంతాపూర్ వైపు ఉండేవాళ్ళు కాస్త ఓపికగా వినండి. ఇది మీ ఇంటి కథే.

ముందుగా ఒక ప్రశ్న. మీ ఇంట్లో గానీ, బంధువుల ఇంట్లో గానీ అక్వేరియం ఉందా? అందులో అద్దానికి నోరు అతికించుకుని కదలకుండా ఉండే నల్లటి, మచ్చల మచ్చల చేప ఒకటి ఉంటుంది చూడండి. సక్కర్ ఫిష్ అంటారు. షాపువాడు "ట్యాంక్ క్లీనర్ సార్, పాచి అంతా తినేస్తుంది" అని అమ్ముతాడు. కొనేటప్పుడు వేలెడు ఉంటుంది. అది అడుగు దాటి, అడుగున్నర దాకా పెరిగే చేప అన్న సంగతి ఆ రోజు ఎవరూ చెప్పరు. రెండేళ్ళకి తొట్టి చాలదు. చంపడానికి చేతులు రావు. ఇల్లు మారేటప్పుడు "పాపం, హాయిగా బతుకుతుందిలే" అని బకెట్లో వేసుకుని వెళ్ళి దగ్గర్లో ఉన్న చెరువులో వదిలేస్తారు. ఆ మనిషిది మంచి మనసే. దాని వల్ల జరిగేది మాత్రం మంచి కాదు. ఎందుకో చెప్తాను.

మొదట మన చెరువులు ఎలా కట్టారో గుర్తు చేసుకోవాలి. మన పెద్దలు ఒక్కొక్క చెరువుని విడిగా తవ్వలేదు. గొలుసుకట్టు చెరువులు అంటాం కదా, పై చెరువు నిండితే అలుగు పారి కింది చెరువులోకి, అది నిండితే ఇంకా కిందికి. నాచారంలో హెచ్ఎంటీ నగర్ దగ్గరున్న పెద్ద చెరువు పొంగితే ఆ నీళ్ళు నాలా పట్టుకుని హబ్సిగూడ మీదుగా రామంతాపూర్ వైపు వస్తాయి. అక్కడి నుంచి మూసీకి. ఉప్పల్ నల్ల చెరువు నీళ్ళు కూడా చివరికి చేరేది మూసీకే. మూసీ ఎక్కడికి పోతుంది? నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది.

2020 అక్టోబర్ వానలు ఎవరూ మర్చిపోలేదు. హబ్సిగూడ, రామంతాపూర్, ఉప్పల్ కాలనీల్లో ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చాయి. ఆ రోజుల్లో చెరువుకి, నాలాకి, రోడ్డుకి తేడా లేదు. మనం చూసింది వరద. చేపకి మాత్రం అది తెరిచిన తలుపు. నాచారంలో ఉన్న చేప రామంతాపూర్ చేరడానికి ఒక్క రాత్రి చాలు. కాబట్టి "నేను మా కాలనీ చెరువులోనే కదా వదిలాను" అనే మాటకి అర్థం లేదు. గొలుసులో ఒక కొండిలో వదిలితే మొత్తం గొలుసులో వదిలినట్టే.

సరే, మన నీళ్ళల్లోకి పరాయి చేపలు ఎలా వచ్చాయి? మూడు దారుల్లో వచ్చాయి. కడుపు కోసం, దోమ కోసం, అందం కోసం.

కడుపు కోసం తెచ్చినవాటిలో మొదటిది తిలాపియా. కొన్నిచోట్ల జిలేబీ చేప అంటారు. పుట్టిల్లు ఆఫ్రికా. మొజాంబిక్ తిలాపియాని 1952లో మన దేశానికి తెచ్చారు. పేదవాడికి చవగ్గా మాంసకృత్తులు దొరుకుతాయని ఆలోచన. ఆలోచనలో తప్పు లేదు. కానీ ఈ చేప రెండు మూడు నెలలకే గుడ్లకి వస్తుంది, ఏడాదిలో చాలాసార్లు పిల్లలు పెడుతుంది, పైగా తల్లి గుడ్లని, పిల్లల్ని నోట్లో పెట్టుకుని కాపాడుతుంది. మన బొచ్చె, రోహు అలా కాదు. అవి వానాకాలంలో, పారే నీటిలో మాత్రమే గుడ్లు పెడతాయి, పెట్టి వదిలేస్తాయి. ఇద్దరినీ ఒకే చెరువులో ఉంచితే ఎవరు నిండిపోతారో చెప్పడానికి శాస్త్రవేత్త అక్కర్లేదు. చెరువంతా చేపలే ఉంటాయి, కానీ అరచేయంత చేపలు. జాలరికి బరువు రాదు, ధర రాదు.

రెండోది ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్. దీన్ని 2000లోనే కేంద్రం నిషేధించింది. అయినా హైదరాబాద్ శివార్లలో దొంగచాటుగా గుంతలు తవ్వి, కోళ్ళ వ్యర్థాలు వేసి పెంచడం, అధికారులు దాడి చేసి పూడ్చి వేయించడం పేపర్లో చదువుతూనే ఉంటాం. ఇది దొరికిందల్లా తినే చేప. చేప పిల్లలు, కప్పలు, పురుగులు, ఏదైనా సరే. పైనుంచి గాలి పీల్చుకోగలదు కాబట్టి కుళ్ళిన నీటిలో కూడా బతుకుతుంది. వానొస్తే గుంత పొంగుతుంది, చేప కాలువలో పడుతుంది. మన నాటు మార్పు చేప దీనికి దగ్గరి చుట్టం. రెండూ కలిస్తే సంకర జాతి పుడుతుంది. అంటే మన మార్పుని తినేసే పోగొట్టక్కర్లేదు, కలిసిపోయి కూడా పోగొట్టగలదు.

ఇక దోమ కోసం తెచ్చింది గంబూసియా. 1928లో ఇటలీ నుంచి మన దేశానికి వచ్చింది. అసలు ఊరు అమెరికా. దోమ పిల్లల్ని తింటుందని చెరువుల్లో వదులుతున్నారు, మన నగరంలోనూ వదులుతున్నారు. దోమ పిల్లల్ని తినే మాట నిజమే. దాంతో పాటు చిన్న చేపల గుడ్లు, పిల్లలు, కప్ప గుడ్లు కూడా తింటుంది. ప్రపంచంలో అత్యంత నష్టం చేసిన 100 పరాయి జీవుల పట్టిక ఒకటి ఉంది. అందులో గంబూసియా ఉంది, మొజాంబిక్ తిలాపియా ఉంది. మనం బంగారు తీగ అని ముద్దుగా పిలుచుకునే కామన్ కార్ప్ కూడా ఉంది. తమాషా ఏంటంటే, దోమ పిల్లల్ని తినే నాటు చేపలు మనకే ఉన్నాయి. నీటి పైపొరలో ఈదుతూ, తల మీద వెండి చుక్కలా మెరిసే ఒక చిన్న చేప ఉంటుంది, పల్లెల్లో పెరిగినవాళ్ళు చూసే ఉంటారు. అది చేసే పని కూడా ఇదే. ఇంట్లో పనివాడు ఉండగా ఊరవతలి నుంచి తెచ్చుకున్నాం.

మూడోది అందం కోసం. అదే మన సక్కర్ ఫిష్. దక్షిణ అమెరికాలో, అమెజాన్ ప్రాంతపు చేప. మన జాలర్లు దీనికి దెయ్యం చేప అని పేరు పెట్టారు. ఊరికే పెట్టలేదండి. ఒంటి నిండా పొలుసులకి బదులు ఎముక పలకలు, రెక్కలకి గట్టి ముళ్ళు. వలలో పడిందంటే ముళ్ళు చిక్కుకుపోయి రాదు. చేపని విడిపించాలంటే వల కోయాలి. వల అంటే జాలరికి పెట్టుబడి. ముదిరాజ్, గంగపుత్ర, బెస్త కుటుంబాలకి అది నాగలి లాంటిది. పోనీ పట్టిన చేప అమ్ముదామంటే మన మార్కెట్లో కొనేవాడు లేడు. వలా పోయింది, పొద్దూ పోయింది. కోపంతో దాన్ని గట్టు మీద పడేస్తే చచ్చిందా అంటే, అదీ లేదు. గాలిని మింగి పొట్టతో పీల్చుకునే శక్తి ఉంది దానికి. తడి ఉంటే గంటల తరబడి బయట బతుకుతుంది.

ఇంకో సంగతి. మగచేప ఒడ్డున మట్టిలో బొరియ తవ్వుతుంది. అందులో ఆడది గుడ్లు పెడితే మగది కాపలా కాస్తుంది. బొరియ మీటరు లోతు దాకా ఉండొచ్చు. మన చెరువు కట్టలు దేంతో కట్టినవి? మట్టితో. ఇలాంటి బొరియలు పదులు, వందలు అయితే ఒడ్డు వదులవుతుంది, మట్టి జారి చెరువులోనే పడుతుంది. ఫ్లోరిడాలో, మెక్సికోలో కాలువ గట్లు ఇలా దెబ్బతిన్నాయి. చెరువు కట్ట కింద కాలనీలు ఉన్న ఊళ్ళో ఇది చేపలవాళ్ళ సమస్య మాత్రమే కాదు, అర్థమైంది కదా.

ఇక్కడ మన ఉప్పల్ రోడ్డు మీదే జరిగిన ఒక మంచి పని చెప్పాలి. హబ్సిగూడలో సీసీఎంబీ ఉంది. మనం రోజూ బస్సులో, మెట్రోలో దాని పక్కనుంచే పోతుంటాం. ఆ సంస్థకి చెందిన డాక్టర్ జి. ఉమాపతి బృందం ఈ సక్కర్ ఫిష్ తూర్పు కనుమల్లో ఎంత దూరం పాకిందో కనిపెట్టడానికి ఒక పద్ధతి తయారు చేసింది. వల వెయ్యక్కర్లేదు, చేపని పట్టక్కర్లేదు. చెరువు నీళ్ళు కొన్ని తీసుకుంటే చాలు. ఏ జీవి అయినా నీటిలో ఉంటే దాని చర్మం, జిగురు, మలం నుంచి కొద్దిగా డీఎన్ఏ నీటిలో కలుస్తుంది. దాన్ని వడకట్టి, ఫలానా చేపది ఉందా లేదా అని పరీక్షిస్తారు. దొంగ కనిపించకపోయినా వేలిముద్ర దొరికినట్టు. 2024లో వెలువడిన ఫలితం ఏమిటంటే, తూర్పు కనుమల్లో 60 శాతం నీటి వనరుల్లో ఈ చేప ఉంది. నూటికి అరవై! అడవుల్లో, కొండల్లో ఉన్న వాగులు, చెరువులు అవి. అక్కడికి దక్షిణ అమెరికా చేప నడిచి రాలేదు కదా. ఎవరో ఒకరి ఇంట్లో తొట్టి నుంచో, అమ్మకానికి పెంచే చెరువు నుంచో జారి, కాలువల వెంట పోయింది.

ఇక్కడ కొంతమంది ఒక ప్రశ్న అడుగుతారు. "సార్, అది పాచి తింటుంది కదా, మన చెరువుల్లో పాచికి కొదవ లేదు, శుభ్రం చేస్తుంది కదా?" న్యాయమైన ప్రశ్నే. సమాధానం చూడండి. చెరువులో పాచి ఎందుకు పెరుగుతుంది? మన ఇళ్ళ మురుగు నీటిలో నత్రజని, భాస్వరం ఉంటాయి, అవి పాచికి ఎరువు. చేప పాచిని తిని మళ్ళీ అదే నీటిలో విసర్జిస్తుంది. ఎరువు ఎక్కడికీ పోలేదు, చెరువులోనే ఉంది. పైగా అది అడుగున బురద కెలుకుతుంది, నీరు మరింత మడ్డిగా అవుతుంది, వెలుతురు లోపలికి పోదు. అడుగున, గట్టున అతికించి ఉన్న ఇతర చేపల గుడ్లు కూడా పాచితో పాటే దాని నోట్లోకి పోతాయి. అద్దాల తొట్టిలో క్లీనర్ అయినది చెరువులో కూడా క్లీనర్ అవుతుందని అనుకోకూడదు.

అసలు విషయానికి ఇప్పుడు వస్తున్నాను. పరాయి చేప గెలవడానికి దాని బలం ఒక్కటే కారణం కాదు. మనం చెరువుని ఎలా ఉంచామన్నది రెండో కారణం. చేపలు బతకడానికి లీటరు నీటిలో కనీసం 4 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగి ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. మురుగు కలిసిన చెరువులో తెల్లవారుజామున అది అడుగంటుతుంది. బొచ్చె, రోహు నీటిలోని ప్రాణవాయువు మీదే ఆధారపడతాయి. అవి పైకి తేలి నోళ్ళు తెరుచుకుని చస్తాయి. ఎండాకాలంలో మన నగరంలో చెరువు గట్టున తెల్లగా తేలిన చేపల ఫొటోలు చూస్తుంటాం కదా, అదే. ఆ రోజు కూడా గాలి మింగే క్యాట్‌ఫిష్, సక్కర్ ఫిష్ నిక్షేపంలా ఉంటాయి. పోటీదారుల్ని మనమే చంపి, ఇల్లు ఖాళీ చేసి వాటి చేతికి తాళాలు ఇస్తున్నాం. కోల్‌కతా తూర్పున మురుగు నీటితో చేపలు పెంచే పెద్ద చిత్తడి నేలలు ఉన్నాయి. అక్కడి చెరువుల్లోకి కూడా సక్కర్ ఫిష్ చొరబడింది.

నాచారం అంటే పారిశ్రామిక వాడ. ఉప్పల్ కూడా అంతే. ఇళ్ళ మురుగు, ఫ్యాక్టరీల నీళ్ళు దశాబ్దాలుగా ఈ చెరువుల్లో కలిశాయి. పైన గుర్రపుడెక్క పచ్చగా పరుచుకుని ఉంటుంది. అది కూడా దక్షిణ అమెరికాదే, అది కూడా అందమైన పువ్వు కోసమే తెచ్చినది. పైన ఒక పరాయి మొక్క, కింద పరాయి చేపలు, మధ్యలో మన మురుగు. ఇప్పుడు కొంత మార్పు మొదలైంది. నల్ల చెరువు దగ్గర రోజుకు 86.5 మిలియన్ లీటర్లు శుద్ధి చేసే కేంద్రం కట్టారు. నాచారం పెద్ద చెరువు దగ్గర కూడా ఒకటి వచ్చింది. హైడ్రా మొదటి విడతలో పునరుద్ధరణకి తీసుకున్న ఆరు చెరువుల్లో ఉప్పల్ నల్ల చెరువు ఒకటి. సంతోషం. కానీ నీరు బాగుపడ్డాక అందులో ఎవరు ఉండబోతున్నారు అన్న ప్రశ్న ఎవరూ అడగడం లేదు. పూడిక తీసే ముందు నీళ్ళు తోడేస్తారు చూడండి, అదే అసలైన సమయం. అప్పుడు చేపల్ని వేరు చేసి, పరాయివాటిని తీసేసి, తర్వాత నాటు చేప పిల్లల్ని వదలాలి. ఆ ఒక్క అవకాశం దాటిపోతే, నిండిన చెరువులో నుంచి వీటిని ఏరడం ఎవరి తరమూ కాదు.

మెక్సికోలో ఇన్ఫియర్నియో అనే పెద్ద జలాశయం ఉంది. ఒకప్పుడు ఆ దేశంలో మంచినీటి చేపలకి అదే అతి పెద్ద కేంద్రం. 2000 తర్వాత సక్కర్ ఫిష్ నిండిపోయి, జాలర్ల వలల్లో అవే పడటం మొదలైంది, వేట కూలిపోయింది, వేలమంది ఉపాధి దెబ్బతింది. బంగ్లాదేశ్ ఆ పరిస్థితి రాకూడదని 2023లో సక్కర్ ఫిష్ దిగుమతి, పెంపకం, అమ్మకం అన్నీ నిషేధించింది. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ ద్వారా, పరాయి జీవుల దిగుమతి, అమ్మకం, పెంపకాన్ని నియంత్రించే అధికారం కేంద్రానికి వచ్చింది. అధికారం చేతిలో ఉంది. వాడటం మిగిలింది.

ఒక మాట మాత్రం జాగ్రత్తగా చెప్పాలి. పరాయి చేప అంటే చెడ్డ చేప అని కాదు. అమెజాన్‌లో సక్కర్ ఫిష్‌కి దాని శత్రువులు ఉన్నాయి, దాని హద్దు ఉంది. అక్కడ జనం కాల్చుకుని తింటారు కూడా. ఆగ్నేయాసియా నుంచి అమెరికా చేరిన మార్పు జాతి చేప ఫ్లోరిడాలో పెద్ద తలనొప్పి. అక్కడివాళ్ళకి అది దెయ్యం. చేపలో దెయ్యం లేదు. దాని చోటు నుంచి తీసి ఇంకో చోట పడేసిన చేతిలో ఉంది.

మరి మన చేప ఏది? కొరమీను. తెలంగాణ రాష్ట్ర చేప. మృగశిర కార్తెనాడు నాంపల్లిలో చేప ప్రసాదంలో మింగించేది బతికున్న కొరమీను పిల్లనే. ఈ కొరమీను కూడా గాలి పీల్చగలదు, పిల్లల్ని కాపలా కాస్తుంది, తిలాపియా పిల్లల్ని వేటాడి తింటుంది. అంటే పోటీకి నిలబడగల మనిషి మన వైపు కూడా ఉన్నాడు. దానికి కావలసింది ఒడ్డున కాస్త లోతు తక్కువ నీళ్ళు, గడ్డి, తుంగ. అక్కడే అది గూడు పెడుతుంది. మనం సుందరీకరణ పేరుతో చెరువు చుట్టూ రాతి గోడ కట్టి, ఒడ్డు లేకుండా చేస్తే కొరమీను ఎక్కడ గుడ్లు పెట్టాలి? వాకింగ్ ట్రాక్ వేసుకోండి, వద్దనడం లేదు. ఒక పక్కన అయినా ఒడ్డుని ఒడ్డులా ఉంచండి.

ఇక మనం చేయగలిగినవి. మొదటిది, తొట్టిలో చేపని ఏ చెరువులోనూ, నాలాలోనూ, గుడి కోనేరులోనూ వదలొద్దు. కొన్న షాపుకే తిరిగి ఇవ్వండి, డబ్బులు అడక్కుండా ఇస్తే చాలామంది తీసుకుంటారు. లేదా పెద్ద తొట్టి ఉన్నవాళ్ళకి ఇవ్వండి. ఎవరూ తీసుకోకపోతే, పశువైద్యుడిని అడిగి నొప్పి లేకుండా దాని ప్రాణం తీయించడమే మేలు. వినడానికి కఠినంగా ఉంది, తెలుసు. కానీ ఒక్క చేప మీద జాలిపడి చెరువులో ఉన్న వేల ప్రాణాల్ని మర్చిపోవడం దయ అవ్వదు.

రెండోది, కొనేముందు "ఇది ఎంత పెరుగుతుంది?" అని ఒక్క ప్రశ్న అడగండి. పిల్లలకి కూడా నేర్పండి. మూడోది, జాలరి సోదరులకి. వలలో ఇలాంటి చేప పడితే తిరిగి నీళ్ళల్లో వేయకండి, ఫొటో తీసి మత్స్యశాఖ వాళ్ళకి చెప్పండి. నాలుగోది, కాలనీ సంఘాలకి. చెరువు పనులు జరుగుతున్నప్పుడు అధికారుల్ని లైట్ల గురించి, బెంచీల గురించి అడుగుతాం. ఈసారి చేపల గురించి కూడా అడగండి. నీళ్ళు తోడినప్పుడు ఏ చేపలు దొరికాయి, తిరిగి ఏ పిల్లలు వదులుతున్నారు అని. నీటి డీఎన్ఏ పరీక్ష చేయగల సంస్థ మన రోడ్డు మీదే ఉంది. నగరంలో ప్రతి చెరువుకీ ఏడాదికొకసారి ఆ పరీక్ష చేయించాలని కోరడం పెద్ద కోరికేమీ కాదు.

నాచారంలో చెయ్యి తడిపి వదిలిన చేప వాడపల్లి దాటి కృష్ణలో తేలగలదు. అదే దారిలో మన జాగ్రత్త కూడా కిందికి పారుతుంది. పై చెరువులో వదలకుండా ఆగితే కిందున్న చెరువులన్నిటికీ మేలు చేసినట్టే.

ఈ ఎపిసోడ్‌ని అక్వేరియం ఉన్న మీ మిత్రులకి తప్పకుండా పంపండి. మీ చెరువులో మీరు చూసిన చేపల పేర్లు, మీ ఊళ్ళో వాటిని ఏమంటారో రాయండి. ఆ నాటు పేర్లు కూడా చేపలతో పాటే పోతున్నాయి.